బెర్న్‌హార్డ్ జోండెక్

బెర్న్‌హార్డ్ జోండెక్ (1891 జూలై 29 - 1966 నవంబరు 8) జర్మనీలో జన్మించిన ప్రసూతి, స్త్రీరోగ వైద్యనిపుణుడు, హార్మోన్ల పరిశోధకుడు. సహచరుడు సెల్మార్ ఆష్‌హైమ్‌తో కలసి గర్భనిర్ధారణకు మొట్టమొదటి నమ్మదగిన ప్రయోగశాల పరీక్షను రూపొందించాడు. 1927-28 సంవత్సరాలలో వెలువడిన ఈ పరీక్ష ఆష్‌హైమ్-జోండెక్ పరీక్ష అనే పేరుతో ప్రపంచమంతటా వ్యాపించింది. నేడు మందుల దుకాణాలలో దొరికే గర్భనిర్ధారణ పట్టీలు గుర్తించేది కూడా ఈ ఇద్దరూ గర్భిణుల మూత్రంలో కనుగొన్న హార్మోనునే. యూదుడైన కారణంగా 1933లో జోండెక్ బెర్లిన్‌లోని ఉద్యోగాన్ని కోల్పోయాడు. స్వీడన్ మీదుగా జెరూసలెం చేరి, తక్కిన జీవితం అక్కడే పరిశోధనలో గడిపాడు.

బాల్యం, విద్య

జోండెక్ అప్పటి ప్రష్యా రాజ్యంలోని పోజెన్ రాష్ట్రానికి చెందిన వ్రోంకె అనే చిన్న పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఆ ప్రాంతం పోలండ్‌లో కలిసింది. ప్రస్తుతం ఆ ఊరిని వ్రోంకి అని పిలుస్తారు. ఇతని అన్న హెర్మన్ జోండెక్, తమ్ముడు శామ్యూల్ జోండెక్ కూడా వైద్యులే. హెర్మన్ థైరాయిడ్ లోపం వలన గుండెకు కలిగే వ్యాధిని వర్ణించి ప్రసిద్ధి పొందాడు. ముగ్గురు సోదరులు ఒకే కాలంలో వైద్యశాస్త్రంలో పేరు తెచ్చుకొనడం, ముగ్గురూ దేశం విడిచిపోవలసి రావడం ఈ కుటుంబ చరిత్రలో విశేషం.

బెర్న్‌హార్డ్ బెర్లిన్‌లో వైద్యవిద్యను అభ్యసించి 1919లో పట్టం పొందాడు. అనంతరం బెర్లిన్‌లోని సుప్రసిద్ధ షారితే ఆసుపత్రి స్త్రీవైద్య విభాగంలో కార్ల్ ఫ్రాంజ్ వద్ద సహాయకునిగా చేరాడు. ఆ విభాగపు ప్రయోగశాలను చూస్తున్న సెల్మార్ ఆష్‌హైమ్‌తో ఇతనికి అక్కడే పరిచయమైంది. ఆష్‌హైమ్ వయసులో పదమూడేళ్ళు పెద్దవాడు. గర్భాశయం, అండాశయాల కణజాలాన్ని సూక్ష్మదర్శినితో పరీక్షించడంలో ఆరితేరినవాడు. జోండెక్‌కు ప్రయోగాల మీద, హార్మోన్ల మీద ఆసక్తి. వీరిద్దరి నైపుణ్యాలూ ఒకదానికొకటి తోడై, ఒక్కరి వలన కాని పని సాధ్యమైంది.

అంతకు ముందు గర్భనిర్ధారణ

గర్భం నిలిచిందో లేదో తెలుసుకొనే ప్రయత్నాలు అతి ప్రాచీనమైనవి. ఈజిప్టు పాపిరస్ గ్రంథాలలో గోధుమ, బార్లీ గింజలపై స్త్రీ మూత్రాన్ని పోసి, అవి మొలకెత్తితే గర్భం ఉన్నట్లు భావించే పద్ధతి కనిపిస్తుంది. మధ్యయుగపు ఐరోపాలో మూత్రం రంగును చూసి గర్భాన్ని చెప్పగలమనే వైద్యులు ఉండేవారు. వీటిలో వేటినీ నమ్మడానికి వీలులేదు. ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో కూడా వైద్యుడు నెల తప్పడం, వేవిళ్ళు, గర్భాశయం పెరుగుదల వంటి లక్షణాలనే చూసి ఊహించవలసి వచ్చేది. శిశువు కదలికలు, గుండె చప్పుడు తెలిసే వరకు, అంటే నాలుగైదు నెలలు గడిచే వరకు, నిశ్చయంగా చెప్పడం సాధ్యమయ్యేది కాదు.

ఈ ఆలస్యం ప్రాణాపాయానికి దారితీసే సందర్భాలు ఉన్నాయి. గర్భం గర్భాశయంలో కాక అండవాహికలో నిలిచినప్పుడు అది పగిలి రక్తస్రావంతో స్త్రీ మరణించవచ్చు. గర్భాశయంలో పెరుగుతున్నది శిశువా, కణితా అని తేల్చుకోలేక చేసిన శస్త్రచికిత్సలూ ఉండేవి. గుండెజబ్బు, క్షయ ఉన్న స్త్రీల విషయంలో వైద్యుడు త్వరగా నిర్ణయం తీసుకోవలసి ఉండేది. కనుక తొలివారాలలోనే గర్భాన్ని నిర్ధారించే పరీక్ష స్త్రీవైద్యులకు ఎంతో అవసరంగా ఉండేది.

పీయూషగ్రంథిపై పరిశోధనలు

1920వ దశకంలో అండాశయం నుండి వెలువడే హార్మోన్లను గుర్తించడానికి అనేక దేశాలలో పోటాపోటీగా ప్రయోగాలు జరుగుతుండేవి. అండాశయాన్ని పని చేయించేది ఏది అన్న ప్రశ్నను జోండెక్, ఆష్‌హైమ్ చేపట్టారు. ఇంకా ఈడుకు రాని ఆడ చుంచెలుకల శరీరంలో పీయూషగ్రంథి ముందుభాగపు ముక్కలను అమర్చి చూశారు. కొద్ది రోజులలోనే ఆ పసి చుంచెలుకల అండాశయాలు పెద్దవై, అండపుటికలు పక్వమై, అవి ఎదకు వచ్చాయి. ముందే అండాశయాలను తొలగించిన చుంచెలుకలలో మాత్రం ఈ మార్పు రాలేదు. అంటే పీయూషగ్రంథి నేరుగా కాక, అండాశయం ద్వారానే పనిచేస్తున్నదని తేలింది. అమెరికాలో ఫిలిప్ స్మిత్ కూడా అదే సమయంలో, స్వతంత్రంగా ఇదే నిర్ణయానికి వచ్చాడు.

దీనితో జోండెక్ పునరుత్పత్తి వ్యవస్థ అంతటికీ చోదకశక్తి పీయూషగ్రంథి ముందుభాగమేనని ప్రతిపాదించాడు. అండపుటికను పక్వం చేసే పదార్థానికి ప్రోలాన్-ఎ అని, పసుపు దేహాన్ని ఏర్పరచే పదార్థానికి ప్రోలాన్-బి అని పేర్లు పెట్టాడు. సంతానం అనే అర్థమిచ్చే లాటిన్ పదం నుండి ఈ పేరు వచ్చింది. పీయూషగ్రంథి రెండు వేర్వేరు హార్మోన్లతో అండాశయాన్ని నడుపుతుందన్న ఈ భావన సరైనదే. ఇవి తరువాతి కాలంలో ఎఫ్.ఎస్.హెచ్., ఎల్.హెచ్. అనే పేర్లతో ప్రసిద్ధమయ్యాయి.

ఆష్‌హైమ్-జోండెక్ పరీక్ష

1927లో ఈ ఇద్దరు గర్భిణుల మూత్రాన్ని పసి చుంచెలుకలకు సూదిమందుగా ఇచ్చి పరిశీలించారు. పీయూషగ్రంథి ముక్కలను అమర్చినప్పుడు వచ్చిన మార్పులే ఇక్కడా కనిపించాయి. అండాశయాన్ని ప్రేరేపించే పదార్థం గర్భం నిలిచిన తొలివారాల నుండే మూత్రంలో విస్తారంగా వెలువడుతున్నదని గ్రహించి, ఈ విషయాన్ని జర్మన్ వైద్యపత్రిక క్లినిషె వోఖెన్‌ష్రిఫ్ట్‌లో ప్రకటించారు. మరుసటి సంవత్సరం దీనిని గర్భనిర్ధారణ పరీక్షగా వివరించారు.

పరీక్ష జరిపే విధానం ఇలా ఉండేది. స్త్రీ ఉదయం లేవగానే విసర్జించిన మూత్రాన్ని సేకరించేవారు. రాత్రంతా నిలువ ఉండడం వలన అందులో హార్మోను గాఢంగా ఉంటుంది. మూడు, నాలుగు వారాల వయసు గల, 6 నుండి 8 గ్రాముల బరువున్న ఐదు ఆడ చుంచెలుకలకు రెండు రోజులలో ఆరు పర్యాయాలుగా ఈ మూత్రాన్ని చర్మం క్రింద ఎక్కించేవారు. సుమారు 100 గంటల తరువాత వాటిని చంపి, అండాశయాలను పరిశీలించేవారు. కనిపించే మార్పులను మూడు విధాలుగా విభజించారు.

మొదటి ప్రతిచర్య: అండపుటికలు పక్వం కావడం.
రెండవ ప్రతిచర్య: పుటికలలోనికి రక్తం చేరి, అండాశయంపై ఎర్రని చుక్కలు కనిపించడం.
మూడవ ప్రతిచర్య: పసుపు దేహాలు ఏర్పడడం.

రెండవ, మూడవ ప్రతిచర్యలలో ఏది కనిపించినా గర్భం ఉన్నట్లే. మొదటి ప్రతిచర్య ఒక్కటే కనిపిస్తే దానిని లెక్కలోనికి తీసుకొనేవారు కాదు. ముట్లుడిగిన స్త్రీలలోను, అండాశయాలు తొలగించిన స్త్రీలలోను పీయూషగ్రంథి హార్మోను ఎక్కువగా వెలువడి అటువంటి మార్పును కలిగించగలదని జోండెక్ గుర్తించడమే దీనికి కారణం.

ఈ పరీక్షకు పసి చుంచెలుకలనే ఎన్నుకోవడంలో ఒక తర్కమున్నది. ఈడుకు రాని చుంచెలుక అండాశయం తనంతట తాను మేల్కొనదు. కాబట్టి దానిలో కనిపించే మార్పు బయటి నుండి వచ్చిన హార్మోను వలన కలిగినదే అయి ఉండాలి. ఐదింటిని వాడడానికీ కారణమున్నది. కొందరి మూత్రంలోని విషపదార్థాల వలన కొన్ని చుంచెలుకలు మధ్యలోనే చనిపోయేవి. మిగిలిన వాటిలో ఒక్కదానిలో స్పష్టమైన మార్పు కనిపించినా ఫలితం చెప్పవచ్చు. తరువాత మూత్రాన్ని ఈథరుతో శుద్ధిచేసి ఈ ఇబ్బందిని తగ్గించారు.

పరీక్ష విశ్వసనీయత

ఆష్‌హైమ్, జోండెక్ తమ పరీక్షలో పొరపాట్లు నూటికి ఒకటి రెండు మాత్రమేనని ప్రకటించారు. ఇతర దేశాల ప్రయోగశాలలు కూడా దీనిని పరీక్షించి దాదాపు 98 శాతం ఖచ్చితత్వం ఉన్నదని ధ్రువపరిచాయి. అంతకు ముందు వచ్చిన ఏ పద్ధతీ దీని దరిదాపులకు రాలేదు. 1929లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ఫ్రాన్సిస్ క్రూ ఆధ్వర్యంలో ఈ పరీక్షను జరిపే కేంద్రం ప్రారంభమైంది. దేశం నలుమూలల నుండి వైద్యులు మూత్రపు నమూనాలను తపాలా ద్వారా పంపి ఫలితం తెలుసుకొనేవారు.

అయితే పరీక్ష చూపేది హార్మోనును మాత్రమే, శిశువును కాదు. పిండం సరిగా పెరగక మావి కణజాలం ద్రాక్షగుత్తుల వలె ఉబ్బే ముత్యాల గర్భంలోను, దాని నుండి పుట్టగల కోరియోకార్సినోమా అనే క్యాన్సరులోను హార్మోను మితిమీరి వెలువడుతుంది. పురుషుల వృషణాలలో వచ్చే కొన్ని కణితులలో కూడా ఇది కనిపిస్తుంది. ఇది పరీక్షకు లోపమే అయినా, జోండెక్ దీనినే మరో ప్రయోజనానికి మలచాడు. మూత్రంలో హార్మోను పరిమాణాన్ని కొలిచి ఈ కణితులను గుర్తించవచ్చని చూపాడు. ముత్యాల గర్భాన్ని తొలగించిన తరువాత హార్మోను తగ్గుతున్నదా లేదా అని గమనించే పద్ధతి నేటికీ వైద్యంలో అమలులో ఉన్నది.

ఒక అంచనాలో పొరపాటు

గర్భిణి మూత్రంలోని హార్మోను పీయూషగ్రంథి నుండే వస్తున్నదని జోండెక్, ఆష్‌హైమ్ మొదట భావించారు. గ్రంథి ముక్కలు, మూత్రం ఒకే విధమైన ఫలితాన్ని చూపడం వలన ఇది సహజమైన ఊహే. కాని ఆ హార్మోను మావి నుండి పుడుతున్నదనే సందేహం క్రమంగా బలపడింది. 1938లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ సంస్థలో జార్జ్ గై, జార్జియానా సీగర్, లూయిస్ హెల్‌మన్ మావి కణాలను గాజుపాత్రలో పెంచి, అవే ఈ హార్మోనును తయారుచేస్తాయని చూపారు. దీనికే హ్యూమన్ కోరియానిక్ గొనాడోట్రోపిన్, క్లుప్తంగా హెచ్.సి.జి., అనే పేరు స్థిరపడింది. హార్మోను పుట్టుకను గురించిన ఊహ తప్పినా పరీక్షకు నష్టం కలగలేదు. పైగా మావి నుండి వచ్చే హార్మోను కనుకనే అది గర్భానికి అంత నిక్కమైన గుర్తు కాగలిగింది.

బహిష్కరణ

1929లో జోండెక్ బెర్లిన్ నగరంలోని ష్పాండావ్ పురపాలక ఆసుపత్రిలో ప్రసూతి, స్త్రీరోగ విభాగానికి అధిపతి అయ్యాడు. అండాశయ, పీయూషగ్రంథి హార్మోన్లపై ఇతడు వ్రాసిన గ్రంథం 1931లో వెలువడింది. అప్పటికి నలభై ఏళ్ళ వయసులోనే ఐరోపా అంతటా పేరు పొందాడు.

1933 జనవరిలో హిట్లర్ అధికారానికి వచ్చాడు. ఆ ఏప్రిల్‌లో చేసిన చట్టం యూదులను ప్రభుత్వోద్యోగాల నుండి తొలగించడానికి వీలు కల్పించింది. జోండెక్ ఉద్యోగం పోయింది. సోదరులిద్దరికీ అదే గతి పట్టింది. ఆష్‌హైమ్ కూడా కొంతకాలానికి జర్మనీని విడిచి ఫ్రాన్సుకు వెళ్ళి, 1965లో పారిస్‌లో మరణించాడు. ఒకే ప్రయోగశాలలో పనిచేసి ఒకే పరీక్షకు పేరునిచ్చిన ఇద్దరూ ఈ విధంగా చెరొక దేశానికి చెదరిపోయారు. వారి పరీక్ష మాత్రం జర్మనీతో సహా అన్ని దేశాలలో కొనసాగింది.

జోండెక్ మొదట స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ చేరి అక్కడి ప్రయోగశాలలో పని సాగించాడు. గర్భంతో ఉన్న ఆడగుర్రం మూత్రంలో ఈస్ట్రోజన్ అధికంగా ఉంటుందని ఇతడు అంతకుముందే 1930లో కనుగొన్నాడు. 1934లో మరొక ఆశ్చర్యకరమైన విషయాన్ని ప్రకటించాడు. స్త్రీ హార్మోనుగా భావించే ఈస్ట్రోజన్ మగగుర్రం మూత్రంలో కూడా పుష్కలంగా ఉన్నది. స్త్రీ హార్మోన్లు స్త్రీలకే, పురుష హార్మోన్లు పురుషులకే పరిమితమన్న అభిప్రాయాన్ని ఇది దెబ్బతీసింది. శరీరంలోని ఈస్ట్రోజన్‌ను కాలేయం నిర్వీర్యం చేస్తుందని కూడా ఇతడు నిరూపించాడు.

జెరూసలెంలో

1934లో జోండెక్ అప్పటి బ్రిటిషు పాలనలోని పాలస్తీనాకు వలస వెళ్ళాడు. జెరూసలెంలోని హదస్సా ఆసుపత్రిలో ప్రసూతి, స్త్రీరోగ విభాగానికి అధిపతిగా, హీబ్రూ విశ్వవిద్యాలయంలో ఆచార్యునిగా పనిచేశాడు. అక్కడ హార్మోన్ల పరిశోధనాశాలను నడిపాడు. బెర్లిన్‌తో పోల్చితే వసతులు తక్కువైనా పరిశోధనలు ఆగలేదు.

గర్భనిర్ధారణను త్వరితం చేయడానికి కూడా ఇతడు కృషిచేశాడు. చుంచెలుకల పరీక్షకు నాలుగైదు రోజులు పట్టేది. 1945లో ఫెలిక్స్ సుల్మన్ తదితరులతో కలసి ఎలుకల అండాశయం రక్తంతో ఎర్రబారడాన్ని ఆధారం చేసుకొని త్వరగా ఫలితమిచ్చే పరీక్షను ప్రకటించాడు. ముట్లు ఆగిపోయిన స్త్రీలకు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లతో చికిత్స, గర్భాశయ ముఖద్రవం ఎండినప్పుడు ఫెర్న్ ఆకు వలె స్ఫటికాలు కట్టడం, పెద్ద శబ్దాల వలన జంతువుల సంతానోత్పత్తిపై కలిగే ప్రభావం వంటి విషయాలపై కూడా పరిశోధనలు చేశాడు. 1958లో వైద్యశాస్త్రానికి ఇజ్రాయిల్ పురస్కారం లభించింది. 1966 నవంబరు 8న న్యూయార్క్‌లో మరణించాడు.

తరువాతి పరీక్షలు

జోండెక్ చూపిన సూత్రం మారకపోయినా, పరీక్షకు వాడే సాధనం మారుతూ వచ్చింది. 1931లో అమెరికాలో మారిస్ ఫ్రీడ్‌మన్, మాక్స్‌వెల్ లాఫమ్ చుంచెలుకల స్థానంలో కుందేలును ఉపయోగించారు. కుందేలు చచ్చిపోతే గర్భం ఉన్నట్లే అనే అపోహ అమెరికాలో వ్యాపించింది. నిజానికి ఫలితం ఏదైనా అండాశయాన్ని చూడడానికి కుందేలును చంపేవారు. 1930వ దశకంలోనే దక్షిణాఫ్రికాకు చెందిన జెనోపస్ కప్పలను వాడడం మొదలైంది. గర్భిణి మూత్రం ఎక్కించిన ఆడకప్ప గంటలలోనే గుడ్లు పెట్టేది. కప్పను చంపనవసరం లేదు, మళ్ళీ వాడుకొనవచ్చు.

1960లో స్వీడన్‌లో లీఫ్ వీడే, కార్ల్ గెమ్‌జెల్ జంతువులకు బదులు ప్రతిరక్షకాలతో మూత్రంలోని హార్మోనును గుర్తించే పద్ధతిని ప్రకటించారు. అయితే హెచ్.సి.జి. అణువులోని ఆల్ఫా భాగం, పీయూషగ్రంథి హార్మోను ఎల్.హెచ్.లోని ఆల్ఫా భాగం ఒక్కటే. అందువలన ఒకదానిని మరొకటిగా పొరబడే ప్రమాదం ఉండేది. 1972లో అమెరికాలో జుడిత్ వైటుకైటిస్, గ్లెన్ బ్రౌన్‌స్టీన్, గ్రిఫ్ రాస్ హెచ్.సి.జి.కి ప్రత్యేకమైన బీటా భాగాన్ని గుర్తించే పరీక్షను రూపొందించి ఈ చిక్కును తొలగించారు. 1970వ దశకం చివరిలో ఇంటి వద్ద చేసుకొనే పరీక్షలు, 1988లో ఒకే అంచెలో ముగిసే పట్టీలు మార్కెట్టులోకి వచ్చాయి.

నేటి పట్టీ పనిచేసే తీరు సులభమైనదే. మూత్రం పట్టీ వెంట పాకుతూ రంగు రేణువులు అంటించిన ప్రతిరక్షకాలను తనతో తీసుకుపోతుంది. మూత్రంలో హెచ్.సి.జి. ఉంటే ఈ ప్రతిరక్షకాలు దానిని పట్టుకొంటాయి. పరీక్షగీత వద్ద స్థిరంగా ఉన్న మరొక ప్రతిరక్షకం ఆ జంటను ఆపుతుంది, అక్కడ రంగు గీత కనబడుతుంది. రెండవదైన నియంత్రణ గీత పరీక్ష సరిగా జరిగిందని తెలుపుతుంది. అది కనబడకపోతే ఫలితాన్ని పరిగణించరాదు.

పిండం గర్భాశయానికి అంటుకొన్న తరువాతనే హెచ్.సి.జి. వెలువడుతుంది. ఇది ఫలదీకరణ జరిగిన 6 నుండి 12 రోజులకు జరుగుతుంది. తొలివారాలలో హార్మోను రెండు మూడు రోజులకు ఒకమారు రెట్టింపవుతుంది. కనుక నెల తప్పక ముందే చేసిన పరీక్షలో గర్భం లేదని వచ్చినంత మాత్రాన దానిని నమ్మరాదు. కొద్దిరోజుల తరువాత ఉదయపు మూత్రంతో మళ్ళీ చేయాలి. నీరు ఎక్కువగా త్రాగడం, గడువు తీరిన పట్టీ, చెప్పిన సమయం దాటిన తరువాత చూడడం వలన పొరపాట్లు జరుగుతాయి. నెల తప్పిన తరువాత సరిగా చేస్తే ఫలితం చాలావరకు నిజమే అవుతుంది. లేనిది ఉన్నట్లు చూపడం అరుదు. సంతానలేమి చికిత్సలో హెచ్.సి.జి. సూదిమందు తీసుకొన్నవారిలోను, ఇటీవల గర్భస్రావమైనవారిలోను ఇది జరగవచ్చు. గర్భం ఎక్కడ నిలిచిందో, పిండం ఎలా ఉన్నదో పట్టీ చెప్పలేదు. కడుపునొప్పి, రక్తస్రావం ఉంటే వెంటనే వైద్యుని సంప్రదించాలి.

ప్రాముఖ్యత

జోండెక్, ఆష్‌హైమ్‌ల పరీక్ష హార్మోన్ల శాస్త్రాన్ని ప్రయోగశాల నుండి నిత్యవైద్యంలోనికి తెచ్చిన తొలి విజయాలలో ఒకటి. అండవాహికలో నిలిచిన గర్భాన్ని, మావి నుండి పుట్టే క్యాన్సరును తొందరగా అనుమానించి ప్రాణాలు కాపాడడానికి ఇది దారి తీసింది. భారతదేశంలో గ్రామాలలోని ఆశా కార్యకర్తలు నిశ్చయ్ పేరుతో అందించే పరీక్షా సాధనం కూడా ఇదే హార్మోనును ఆధారం చేసుకొన్నది. జంతువులను వాడే పరీక్షలు 1960వ దశకంలో క్రమంగా మరుగునపడ్డాయి. గర్భిణి మూత్రంలో హార్మోనును వెదకాలన్న ఆలోచన మాత్రం నేటికీ నిలిచి ఉన్నది.